డబ్బు చెల్లని రోజుల్లో మారకానికి ఏది నిలుస్తుంది?

సభకు నమస్కారం.

ప్రభుత్వం, బ్యాంకు, బజారు ఒకేసారి చేతులెత్తేసిన చోట మనుషులు ఏ వస్తువుతో, ఏ పనితో ఇచ్చిపుచ్చుకుంటారు అన్నది ఈ సాయంత్రం మనం మాట్లాడుకోవలసిన విషయం. ఇది ఊహకు సంబంధించిన ప్రశ్న అని చాలామంది అనుకుంటారు. కానీ గడిచిన ఎనభై ఏళ్లలోనే బెర్లిన్‌లో, బోస్నియా రాజధాని సరాయెవోలో, అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిరిస్‌లో చదువులూ ఉద్యోగాలూ ఉన్న లక్షల కుటుంబాలు కడుపు నింపుకోవడానికి ఈ ప్రశ్నను ఎదుర్కొన్నాయి. వాళ్లు ఏం అమ్ముకున్నారో, ఏది ఎవరికీ అక్కర్లేకపోయిందో, ఏ పనివాడి గుమ్మం ముందు జనం నిలబడ్డారో రాతపూర్వకంగానే దొరుకుతుంది కాబట్టి మనం ఊహాగానాలు చేయవలసిన అవసరం లేదు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఈ విషయం ఎత్తగానే కొందరు ఇంట్లో దాచవలసిన సరుకుల జాబితా రాస్తారు, మరికొందరు నేర్చుకోవలసిన చేతిపనుల జాబితా రాస్తారు. ఈ రెండు జాబితాలనూ విడివిడిగా రాయడంలోనే లోపం ఉంది. సరుకు ఎంత ఉన్నా ఒకనాటికి అయిపోతుంది. పని ఎంత బాగా వచ్చినా దాన్ని నడిపే చిన్న సరుకు లేకపోతే చేతులు ఖాళీగా ఉంటాయి. అందుకని పనినీ, ఆ పనికి రోజూ ఖర్చయ్యే సరుకునూ జతగా ఎంచుకోవాలి. ఆ ఎంపిక కూడా మనకు నచ్చినదాన్ని బట్టి కాకుండా, మన వీధిలోవాళ్ల దగ్గర ఇప్పటికే ఏ వస్తువులు ఉన్నాయో, వాటిలో ఏది ముందుగా పాడవుతుందో చూసుకుని చేయాలి.

మొదట సరుకు సంగతి చూద్దాం. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్ల చేతికి చిక్కి ఖైదీల శిబిరంలో గడిపిన ఆర్. ఎ. రాడ్‌ఫర్డ్ అనే బ్రిటిష్ ఆర్థికశాస్త్రవేత్త, విడుదలయ్యాక 1945 నవంబరులో 'ఎకనామికా' పత్రికలో ఆ శిబిరపు బజారు గురించి ఒక వ్యాసం రాశాడు. రెడ్‌క్రాస్ వాళ్లు పంపే పెట్టెల్లో అందరికీ ఇంచుమించు ఒకే రకం సామాను వచ్చేది: పాలడబ్బా, జామ్, వెన్న, బిస్కట్లు, డబ్బామాంసం, చాక్లెట్, చక్కెర. వీటితోపాటు సిగరెట్ల పంపిణీ కూడా ఉండేది. అందరికీ ఒకటే వచ్చినప్పుడు బేరం ఎందుకు పుట్టాలి? సిగరెట్ తాగని మనిషి తన వాటాను తాగేవాడికిచ్చి చాక్లెట్ తీసుకున్నాడు, అక్కడ మొదలైంది. కొద్ది వారాల్లో జామ్ ఖరీదు, వెన్న ఖరీదు, చొక్కా ఉతికిన కూలి అన్నీ సిగరెట్లలోనే చెప్పుకోవడం అలవాటయింది. బట్టకు రెండు సిగరెట్ల చొప్పున ఉతికేవాళ్లు ప్రకటనలు అంటించారు. పాస్టెల్ రంగులతో మంచి బొమ్మ గీయించుకోవాలంటే ముప్పై సిగరెట్లు పట్టేవి.

సిగరెట్‌కే ఆ గౌరవం ఎందుకు దక్కిందో గమనించండి. అన్నీ ఒకే పరిమాణంలో ఉంటాయి, చిన్న బేరానికి ఒకటి, పెద్ద బేరానికి యాభై ఇవ్వవచ్చు, కొద్దికాలం చెడిపోకుండా ఉంటాయి, అన్నిటికన్నా ముఖ్యంగా వాటిని తగలేసేవాళ్లు రోజూ ఉంటారు. అదే గుణం దాని బలహీనత కూడా. కొత్త పంపిణీ వచ్చిన వారం ధరలు పెరిగేవి. పంపిణీ ఆగి, ఉన్నవి పొగగా మారిపోతున్నకొద్దీ ధరలు పడిపోయేవి. చేత్తో చుట్టిన సిగరెట్లలో పొగాకు తగ్గించి చుట్టడం కూడా జరిగేది. మంచి సిగరెట్లు తాగడానికి దాచుకుని, నాసిరకం వాటితో చెల్లింపులు చేసేవాళ్లు. పొగాకును మెచ్చుకోవడానికి ఇదంతా చెప్పడం లేదు. పొగాకు వల్ల ఎంత చేటో మీకు తెలుసు. ఆ గుణాలు ఏ వస్తువుకున్నా అది మారకంలో నిలబడుతుందని చెప్పడానికి ఈ ఉదాహరణ తీసుకున్నాను.

ఆ వ్యాసంలో ఇంకో సంగతి ఉంది, నాకు అది చాలా ముఖ్యమనిపించింది. ఎండాకాలం రాగానే కోకో ధర తగ్గి సబ్బు ధర పెరిగేదట. జర్మనీలోని శిబిరాల్లో ఎవరికీ పట్టని టీ, కరెంటుతో నీళ్లు కాచే సాధనాన్ని ఖైదీలు సొంతంగా తయారుచేసుకున్నాక ఒక్కసారిగా అమ్ముడుపోయే సరుకైంది. అంటే వస్తువు విలువ వస్తువులో మాత్రమే లేదు. దాన్ని వాడుకునే వీలు ఏ రోజు, ఎవరి దగ్గర ఉంటుందో అన్నదాని మీద అది పెరుగుతుంది, తరుగుతుంది. ఏ వస్తువు దాచుకోవాలా అని అడిగేవాళ్లు ఏ ఊళ్లో, ఏ కాలంలో అన్న ప్రశ్నను వదిలేస్తున్నారు. శ్రీకాకుళం జిల్లాలో నౌపడ ఉప్పు మళ్ల దగ్గర ఉండేవాడు ఉప్పు బస్తాలు దాచుకుంటే ఇరుగుపొరుగుకు అది అక్కర్లేదు. అదే ఉప్పు ఆదిలాబాద్ అడవి పల్లెకు చేరితే దాని లెక్క వేరు. లంబాడీలు ఎద్దుల మీద ఉప్పూ ధాన్యమూ మోసుకుని తీరం నుంచి లోపలి ప్రాంతాలకు తిరిగిన కాలంలో ఆ వ్యాపారం నడిచింది ఈ తేడా వల్లనే.

భాష తెలియడం ఒక నైపుణ్యమేనని కూడా ఆ శిబిరం చూపించింది. ఖైదీల్లో సిక్కు సైనికులు ఉండేవాళ్లు, వాళ్ల విభాగంలో మాంసం డబ్బాలకు గిరాకీ లేదు. ఉర్దూ వచ్చిన ఒకతను వాళ్ల దగ్గర మాంసం తీసుకుని, వెన్నా జామూ ఇచ్చి, మధ్యలో లాభం చేసుకున్నాడు. సంగతి తెలిసి మరికొందరు దిగేసరికి ఆ లాభం సన్నగిల్లింది. అయినా అక్కడ ఒక పరిచయస్తుడు ఉండటం చివరిదాకా పనికొచ్చింది. తెలుగూ, ఉర్దూ, హిందీ, తమిళం, ఒడియా కలిసే మన సరిహద్దు పట్టణాల వాళ్లు దీన్ని సులువుగా అర్థం చేసుకుంటారు.

ఇక విలువైన వస్తువుల సంగతి. యుద్ధం ముగిశాక 1945 నుంచి 1948 దాకా జర్మనీలో పాత కరెన్సీ పేరుకు మాత్రమే ఉంది. రేషను మీద ఇచ్చే తిండి 1946 వసంతంలో బ్రిటిష్ ఆధీన ప్రాంతంలో మనిషికి రోజుకు సుమారు 1,000 కేలరీలకు పడిపోయింది. నగరవాసులు కిక్కిరిసిన రైళ్లలో పల్లెలకు వెళ్లి, తివాచీలు, వెండి చెంచాలు, పరుపు దుప్పట్లు ఇచ్చి బంగాళాదుంపలు తెచ్చుకునేవాళ్లు. ఒక తరం కూడబెట్టి కొనుక్కున్న తివాచీకి ఒక బస్తా దుంపలు! ఆ రైతు దుర్మార్గుడని అనడం తేలిక. కానీ అతనికి మొదటి తివాచీ ముచ్చట, రెండోది దండగ. దుంపలు కావలసిన వాడికి మాత్రం ఆ పూట ఆకలి ఆగదు. ఆగలేని మనిషి ఎప్పుడూ తక్కువకే అమ్ముకుంటాడు. బంగారం దాచుకున్నవాళ్లు ఈ చిక్కును మరిచిపోతారు. కాసు బంగారానికి తూగేంత బియ్యం ఒక్కసారి ఇవ్వగలవాడు ఊళ్లో ఒకరో ఇద్దరో ఉంటారు, ధర నిర్ణయించేది వాళ్లే. అదే జర్మనీ నల్లబజారులో లైటర్లలో వాడే చిన్న చెకుముకి రాళ్లు, చక్కెరకు బదులు వాడే శాకరిన్ బిళ్లలు చేతులు మారుతూ ఉండేవి. అవి జేబులో పడతాయి, ఇంటింటికీ కావాలి, ఒక్కటి కూడా అమ్ముకోవచ్చు.

సరాయెవో గురించి క్లుప్తంగానే చెబుతాను. 1992 ఏప్రిల్ నుంచి 1996 ఫిబ్రవరి దాకా 1,425 రోజులు ఆ నగరం ముట్టడిలో ఉంది. కరెంటు, గ్యాసు, కుళాయి నీళ్లు నెలల తరబడి లేవు. జనం బీరు కంపెనీ ఆవరణలోని ఊటనీటి కోసం డబ్బాలు పట్టుకుని వరుసల్లో నిలబడ్డారు. పార్కుల్లో చెట్లు వంటచెరకయ్యాయి. విమానాశ్రయం కింద 1993లో తవ్విన సుమారు 800 మీటర్ల సొరంగం గుండా సరుకు భుజాల మీద లోపలికి వచ్చేది. నగరంలోని పొగాకు ఫ్యాక్టరీ ఆగకుండా నడిచింది, సైనికులకు జీతం బదులు సిగరెట్లు ఇచ్చారు, సిగరెట్లను పొట్లం కట్టడానికి కాగితం లేక పుస్తకాల పేజీలు కూడా వాడారు. ఈ వివరాల్లో నా దృష్టిని ఆకర్షించింది పొయ్యిలు చేసేవాళ్లు. పాత రేకు, తగరపు డబ్బాలు, పనికిరాని కొలిమి గొట్టాలు తెచ్చి, గుప్పెడు పుల్లలతో వంటయ్యే పొయ్యి చేసివ్వడం అక్కడ గొప్ప విద్య అయింది. ఆ పనివాడికి ముడిసరుకు శిథిలాల్లోనే దొరికింది. అతని పని ఆగిపోకపోవడానికి కారణం అదే.

ఇప్పుడు నైపుణ్యాల మాటకు వద్దాం. ఇక్కడ నేను కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే చేతిలో పని ఉంటే చాలునన్న నమ్మకం మనలో బలంగా ఉంది. అర్జెంటీనాలో బ్యూనస్ ఎయిరిస్ రాష్ట్రంలోని బెర్నాల్‌లో 1995 మే 1న కొద్దిమంది కలిసి ఒక మార్పిడి సంఘం పెట్టుకున్నారు. ఒకరు రొట్టెలు చేసిస్తారు, ఒకరు జుట్టు కత్తిరిస్తారు, ఒకరు బట్టలు కుడతారు. లెక్క మొదట పుస్తకంలో, తర్వాత 'క్రెడిటో' అనే అచ్చువేసిన చీటీలలో నడిచింది. 2001 డిసెంబరులో ప్రభుత్వం బ్యాంకు ఖాతాలను బిగించి వారానికి 250 పెసోలకు మించి తీసుకోకుండా ఆంక్ష పెట్టాక, ఈ సంఘాలకు జనం వెల్లువలా వచ్చారు. 2002 నాటికి 25 లక్షల మంది దాకా పాల్గొన్నారన్న అంచనాలు ఉన్నాయి. ఆ ఏడాది చివరికే ఆ ఏర్పాటు చాలావరకు కూలిపోయింది.

దొంగ చీటీలు అచ్చయ్యాయి, అసలు చీటీలు కూడా అవసరానికి మించి అచ్చయ్యాయి. అది ఒక కారణం. దానికన్నా లోతైన కారణం సంఘం బజారులో సరుకు పెట్టే బల్లల మీద కనిపించింది. రొట్టెలు చేసే ఆవిడకు పిండి, నూనె, చక్కెర కావాలి. అవి సంఘంలో ఎవరూ పండించేవి కావు, దుకాణంలో పెసోలకే దొరికేవి. పెసోలు లేకనే ఆవిడ సంఘానికి వచ్చింది. అలా మొదటి నెలల్లో ఇంట్లో ఉన్న పిండి అయిపోయాక రొట్టెలు తగ్గాయి. వాడిన బట్టలు, అలంకరణ వస్తువులు, క్షవరం, జాతకం చెప్పడం లాంటివి మిగిలాయి. చీటీలు గుట్టలుగా ఉండి తిండి లేని బజారైంది. అక్కడి జనానికి పని రాకకాదు, నిజాయితీ లేకా కాదు. పిండి పండే పొలానికీ, రొట్టెలు కాల్చే చేతికీ మధ్య దారి వేయకుండా మార్పిడి సంఘం నిలబడదు. ఆ దారి వేసుకున్నవాళ్లు, పల్లెలతో బంధం ఉన్నవాళ్లు, కొంతకాలం ఎక్కువ నిలదొక్కుకున్నారు.

మన పల్లెల్లో ఆ దారి ఒకప్పుడు ఉండేది. విజయనగర కాలం నుంచి చెప్పుకునే పన్నెండుమంది ఆయగాండ్ర ఏర్పాటులో కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, చాకలి, మంగలి, చెరువు నీళ్లు పంచే నీరటి తమ పనిని ఏడాది పొడుగునా చేసి, పంట నూర్చినప్పుడు కళ్లంలో తమ మేర, అంటే తమ వాటా, గింజలు తీసుకెళ్లేవాళ్లు. నాగలి కర్రు సాగగొట్టించిన ప్రతిసారీ బేరం జరిగేది కాదు. పంటకూ పనికీ మధ్య ఏడాది లెక్క ఉండేది, కొలిమికి బొగ్గు, కుమ్మరి సారెకు మట్టి ఊరి పొలిమేరలోనే దొరికేవి. ఆ పద్ధతిని నేను కొనియాడటం లేదు. ఎవరు ఏ పని చేయాలో పుట్టుక నిర్ణయించింది, మేర ఎంతో బలవంతులు నిర్ణయించారు, కరువు వచ్చిన ఏడు ఎక్కువగా నలిగింది పనివాళ్లే. కాబట్టి మనం తీసుకోవలసింది ఏడాది లెక్కనీ, ఊరి ముడిసరుకునీ మాత్రమే. పెత్తనాన్ని అక్కడే వదిలేయాలి.

ఈ ఆలోచనను ఒక వస్తువు దగ్గర నిలబెట్టి చూద్దాం. మన ఊళ్లలో బోరింగు అనే చేతిపంపు ఉంది కదా, 1970ల్లో రూపొందిన ఇండియా మార్క్ 2 రకం. కరెంటు పోతే మోటారు పనికిరాదు, ఈ బోరింగే దిక్కు. అది ఎక్కువగా ఆగిపోయేది ఇనుము విరిగి కాదు. లోపలి సిలిండరులో పైకీ కిందికీ ఆడే కప్పు వాషరు అరిగిపోతే ఎంత కొట్టినా నీళ్లు అందవు. దాన్ని మార్చాలంటే చేతిపిడి, పై తల విప్పి, గొట్టాలు ఒకదాని తర్వాత ఒకటి పైకి లాగి, జారి బావిలో పడకుండా పట్టుకునే బిగింపు వేసి, సిలిండరు పైకి తీయాలి. నలుగురైదుగురి పని, కొన్ని ప్రత్యేకమైన రెంచీలు కావాలి. పని వచ్చి వాషర్లు లేనివాడు గొట్టాలు పైకి తీసి చూసి మళ్లీ దించేయాలి. వాషర్లు ఉండి పని రానివాడు వాటిని ఎవరికో ఇవ్వవలసిందే. రెండూ ఉన్నవాడు, తన వెంట గొట్టాలు లాగే నలుగురు ఉన్నవాడు, ఆ చుట్టుపక్కల పది ఊళ్లలో తిండికి వెతుక్కోనక్కర్లేదు. గుప్పెడు వాషర్లు చిన్న డబ్బాలో పడతాయి.

ఇదే చూపుతో మిగతావాటిని చూడండి. సైకిలు పంక్చరు వేసేవాడికి సొల్యూషన్ ట్యూబులు కావాలి, అవి మూత తీశాక ఎండిపోతాయి కనుక చిన్న ట్యూబులే నయం. కుట్టుమిషను తొక్కేవాళ్లకు సూదులు, దారం, తోలు బెల్టు కావాలి. మిషను లేనివాళ్లకు చేతిసూదులు కావాలి, పొట్లం సూదులు ఎప్పటికీ మారకపు సరుకే. కత్తులూ కొడవళ్లూ సానబెట్టేవాడిది అదృష్టం, సానరాయి ఏళ్ల తరబడి వస్తుంది. కమ్మరికి పాత లారీ కమాను పట్టీలు తరగని గని, వాటితో కొడవలి, కత్తి, గునపం మొన చేయవచ్చు. గానుగ నడిపేవాడు నువ్వులూ వేరుశనగలూ పండే చోట ఉంటేనే గానుగవాడు. హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12న విశాఖను తాకాక కరెంటూ ఫోన్లూ పోయి, వేల చెట్లు దారులకు అడ్డంగా పడినప్పుడు రంపం పట్టినవాడికీ, జనరేటరు ఉన్నవాడికీ, పాలు తెచ్చినవాడికీ ఎంత విలువ వచ్చిందో అక్కడివాళ్లను అడిగితే చెబుతారు. కొద్దిరోజుల్లో నగరం కోలుకుంది, అది సమాజం కూలిపోవడం కాదు. కానీ ఏది ముందుగా కొరతపడుతుందో ఆ రోజుల్లో కంటికి కనిపించింది.

విత్తనాల విషయంలో జాగ్రత్త చెప్పాలి. కూరగాయ విత్తనాలు దాచుకుంటే మారకానికి పనికొస్తాయని చెప్పేవాళ్లు నిజమే చెబుతున్నారు. అయితే దుకాణంలో కొన్న హైబ్రిడ్ పొట్లాల నుంచి పండిన కాయల విత్తనం మళ్లీ వేస్తే తల్లి లాంటి పంట రాదు. దేశవాళీ బీర, సొర, బెండ, తోటకూర విత్తనం కట్టుకోవడం తెలిసిన ఆడవాళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. బూడిదలో కలిపి, బుర్రల్లో పోసి, అటక మీద పెట్టే ఆ పద్ధతిని వాళ్ల దగ్గర కూర్చుని నేర్చుకోవాలి. ఉల్లి విత్తనం ఏడాది దాటితే మొలక బాగా తగ్గిపోతుంది, దాన్ని నిల్వ సరుకుగా లెక్కించకూడదు. తీరప్రాంతంలో అగ్గిపెట్టెలు చెమ్మగిల్లుతాయి, మైనంతో మూత బిగించిన సీసాలో దాచాలి. మందుల్ని మారకపు సరుకుగా దాచడాన్ని నేను సమర్థించను. ఏ మందు ఎవరికి ఎంత అన్నది తెలియని చేతిలో అవి ప్రాణం తీస్తాయి. ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు కలిపి విరేచనాలైన బిడ్డకు తాగించడం తెలిసిన మనిషి, దాన్ని పదిమందికి ఉచితంగా నేర్పిన మనిషి, మందుల పెట్టె ఉన్నవాడికన్నా ఊరికి ఎక్కువ అవసరం.

లాభం గురించి కూడా చెప్పకుండా ఉండలేను. ఖైదీలు తిరిగే ఒక మజిలీ శిబిరంలో ఒక మతగురువు జున్నుడబ్బా, ఐదు సిగరెట్లు పట్టుకుని బయల్దేరి, బేరాలు చేసుకుంటూ తిరిగి, ఆ జున్నూ సిగరెట్లతోపాటు ఒక పూర్తి రెడ్‌క్రాస్ పెట్టె సంపాదించుకుని వచ్చాడని కథగా చెప్పుకునేవాళ్లట. వినడానికి ముచ్చటగా ఉంటుంది. కానీ ఈ కథ చెప్పిన రాడ్‌ఫర్డ్ వ్యాసమే దళారుల మీద ఖైదీలకు ఎంత ఏవగింపు ఉండేదో కూడా చెబుతుంది. పక్కింటివాడు ఆగలేని స్థితిలో ఉన్నాడని తెలిసి గీచి గీచి బేరమాడినవాడికి ఒక్క బేరంలో లాభం, పది బేరాల్లో నష్టం. మూసిన వీధిలో రేపు మళ్లీ అదే మనిషి గుమ్మానికి వెళ్లాలి.

చెడ్డకాలం ఎప్పుడు ముగుస్తుందో ఎవరూ ముందుగా చెప్పరు. రాడ్‌ఫర్డ్ ఉన్న శిబిరానికి 1945 ఏప్రిల్ 12న అమెరికా సైన్యం వచ్చిన రోజున, సిగరెట్ల లెక్కతో నడిచిన బజారు మొత్తం ఎవరికీ అక్కర్లేకుండా పోయింది. జర్మనీ పశ్చిమ ప్రాంతాల్లో 1948 జూన్ 20న కొత్త మార్కు వచ్చింది, మనిషికి 40 మార్కులు చేతికిచ్చారు, మర్నాడే దుకాణాల్లో దాచిన సరుకంతా బయటికి వచ్చి సిగరెట్ల చలామణీకి కాలం చెల్లింది. గుట్టలుగా నిల్వ పెట్టుకున్నవాడు ఆ ఉదయం నష్టపోయాడు. చెప్పులు కుట్టేవాడి గుమ్మానికి మాత్రం అదే జనం కొత్త డబ్బుతో వచ్చారు. నిల్వకు ఎంత, పనిముట్లకు ఎంత అని అడిగితే పనిముట్ల వైపే ఎక్కువ పెట్టమని నేను చెబుతాను.

చివరగా, కొలత, లెక్క. సిగరెట్లో పొగాకు తగ్గినా, చీటీ దొంగదైనా, తక్కెడ మోసమైనా బజారు చెడేది ఒకే రకంగా. వీధికి అందరూ ఒప్పుకున్న ఒక మానిక, ఒక తూకపు రాయి ఉండాలి. ఎవరు ఎవరికి ఎన్ని రోజుల పని బాకీ, ఎన్ని మానికల గింజలు బాకీ అన్నది చేతిరాత పుస్తకంలో ఉండాలి. దాన్ని వారానికోసారి అందరి ముందూ పైకి చదవాలి, చదువు రానివాళ్లకు వినపడేలా చదవాలి. ఆ పుస్తకం ఒక్కరి దగ్గరే ఉండాలా, మూడు నెలలకొకరి చేతికి మారాలా అన్నదాని మీద నాకు రెండోదే సబబు అనిపిస్తుంది. కానీ ఊరి సంఘాలు, పొదుపు సంఘాలు నడిపిన అక్కచెల్లెళ్లు ఈ సభలో ఉన్నారు. పుస్తకం రాయడంలో వాళ్లకున్న అనుభవం నాకు లేదు కనుక, ఇక వాళ్లను మాట్లాడమని కోరుతున్నాను.